టూన్‌టౌన్ పట్టా ఎవరి పేరున ఉంది? కార్టూన్లూ మనుషులూ ఒకే ఊళ్లో ఉండే కథల్లోని పేచీ

2023 నవంబరులో హాలీవుడ్‌లో ఒక విడ్డూరం జరిగింది. నాసిరకం సరుకు అంటగట్టిన కంపెనీ మీద ఒక కార్టూన్ జంతువు మనుషుల కోర్టులో దావా వేసే సినిమా అది. షూటింగు అయింది, బొమ్మల పనీ అయింది. తీరా చూస్తే, తీయించిన వార్నర్ బ్రదర్స్ సంస్థే దాన్ని బయటికి వదలబోమంది. నష్టం కింద చూపిస్తే పన్ను కలిసొస్తుందన్నది అప్పట్లో వార్తల్లో వచ్చిన కారణం. పనిచేసినవాళ్లూ చూడాలనుకున్నవాళ్లూ గోల పెట్టాక, 2025లో కెచప్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న పంపిణీ సంస్థ దాన్ని కొనుక్కుంది. సినిమా పేరు 'కయోటీ వర్సెస్ ఆక్మీ'. కయోటీ అంటే అమెరికా ఎడారుల్లో తిరిగే నక్కలాంటి జంతువు. ఆక్మీ అంటే పాత కార్టూన్లలో దానికి ఏళ్ల తరబడి రాకెట్లూ, కొన్నవాడి చేతిలోనే పేలే బాంబులూ అమ్మిన ఊహాకంపెనీ.

ఈ కథ చెబితే ఒడిశాలోని మా రాయగడ వైపు పిల్లలు వెంటనే అడిగేది ఒకటే: బొమ్మ కోర్టుకెలా వెళ్తుంది? ఇక్కడ చాలా తెలుగిళ్లలో ఇంట్లో ఒక భాష, బడిలో ఒడియా, టీవీలో హిందీ మాట్లాడే కార్టూన్. మూడు లోకాల మధ్య రోజూ అటూ ఇటూ తిరిగే పిల్లలు కాబట్టి ఎవరి రూలు ఎక్కడ చెల్లుతుందన్న అనుమానం వాళ్లకు త్వరగానే వస్తుంది. పెద్దవాళ్ల అనుమానాలు వేరు. ఇలాంటి సినిమాలు ఉత్త తమాషాయా, వివక్ష గురించిన కథలా, కంపెనీల వ్యాపారమా? మూడూ కలిసిపోయి ఉన్నాయి కాబట్టే గజిబిజి. పైకి కనబడే కొట్లాటను కాస్త పక్కకు జరిపి చూస్తే, అడుగున ఉన్నది హక్కుల పేచీ అని నాకనిపిస్తుంది. ఎందుకో ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

ముందు మాటలు తేల్చుకుందాం

నటుల్ని కెమెరాతో తీస్తే లైవ్ యాక్షన్. బొమ్మను కొద్దికొద్దిగా మార్చి గీసి, వరసగా నడిపించి కదిలినట్టు చూపిస్తే యానిమేషన్. రెండూ ఒకే దృశ్యంలో కలిస్తే దాన్ని హైబ్రిడ్ అంటున్నారు. అలాంటి కథల్లో కార్టూన్ పాత్రలు తమను తాము ఒక జాతిగా చెప్పుకునేటప్పుడు వాడే పేరు టూన్.

హైబ్రిడ్ కథలన్నీ ఒకటి కావు. కొన్నిట్లో మనిషి బొమ్మల లోకంలోకి వెళ్తాడు. 2010లో అజయ్ దేవగణ్ నటించిన హిందీ సినిమా 'టూన్‌పూర్ కా సూపర్‌హీరో' అలాంటిదే. ఒక సినిమా హీరో టూన్ల లోకంలో చిక్కుకుని, అక్కడి మంచివాళ్లకూ అసురులకూ మధ్య పోరులో ఇరుక్కుంటాడు. కొన్నిట్లో బొమ్మ మనిషి దగ్గరికి ఒక పాట మేరకు వచ్చిపోతుంది. 1945లో జెర్రీ ఎలుక హాలీవుడ్ నటుడు జీన్ కెల్లీతో కలిసి అడుగులు వేసింది అలాగే. మూడో రకంలో రెండు జాతులూ ఒకే ఊరి కాపురస్తులు. అదే వీధి, అదే పోలీసు, అదే జీతాల రోజు. చుట్టపుచూపుగా వచ్చినవాడితో ఎవరికీ పేచీ రాదు, పొరుగింటివాడితోనే వస్తుంది. అందుకే తగవు పూర్తిగా పండేది ఈ మూడో రకంలో. దానికి అందరూ చూపించే సినిమా 1988లో వచ్చిన 'హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్'. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్, బొమ్మల పనికి పెద్ద రిచర్డ్ విలియమ్స్. ఈ వ్యాసంలో ఎక్కువ ఉదాహరణలు దాన్నుంచే.

గీసినవాడితోనే మొదటి తగాదా

ఈ ఆలోచన కొత్తది కాదు. 1914లో విన్సర్ మెక్‌కే అనే అమెరికా చిత్రకారుడు చేత్తో కొరడా పట్టుకుని స్టేజీ మీద నిలబడేవాడు. వెనక తెర మీద ఆయన గీసిన గెర్టీ అనే డైనోసార్. ఆయన చెప్పినట్టు చేస్తుంది, ఒక్కోసారి మొండికేస్తుంది, కేకలేస్తే ఏడుస్తుంది. ఆఖర్న ఆయన తెర వెనక్కి తప్పుకుంటే, తెర మీద అదే వేషంలో గీసిన మనిషి ప్రత్యక్షమై గెర్టీ మీదెక్కి వెళ్లిపోతాడు. తర్వాత కొన్నేళ్లకు మాక్స్ ఫ్లైషర్ మొదలుపెట్టిన వరసలో కోకో అనే విదూషకుడు సిరాబుడ్డిలోంచి బయటికొచ్చి, తనను గీసిన మనిషినే నానా తిప్పలూ పెట్టి, చివరికి మళ్లీ బుడ్డిలోకి పోయేవాడు. అంటే బొమ్మకూ మనిషికీ తొలి జగడం సృష్టించినవాడితోనే మొదలైంది.

మనకు ఇది వింతగా అనిపించకూడదు. తోలుబొమ్మలాటలో జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు చేసేది ఇదే కదా. రామాయణం నడుస్తుంటే మధ్యలో దూరి, రాముడి కాలానికి సంబంధం లేని ఊరి కబుర్లు చెప్పి, చెంపదెబ్బలు తిని, మళ్లీ లేచి నిలబడతారు. రాజుల కథకు ఒక నియమం, పోలిగాడికి ఇంకొకటి.    తేడా ఒక్కటే. పోలిగాడు ఎంత అల్లరి చేసినా తెర దాటి జనంలోకి వచ్చి ఇల్లు అద్దెకు అడగడు. టూన్ అడుగుతాడు.

ఒకరికి నవ్వు, ఒకరికి చావు

రాయగడ స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీంచి కొబ్బరికాయ జారి పడిందనుకోండి. కింద మనిషి ఉంటే తల పగులుతుంది, ఆసుపత్రి, తర్వాత పోలీసు స్టేషన్. అదే కాయ కుందేలు టూన్ నెత్తిన పడితే బొప్పి లేచి, తల చుట్టూ పిట్టలు తిరిగి, రెండు నిమిషాల్లో కుందేలు మామూలవుతుంది. ఇప్పుడు తిరగేయండి. అలవాటు కొద్దీ సరదాకి ఆ కుందేలే పక్కింటాయన మీద రుబ్బురోలు పడేసింది. దాని లోకంలో అది జోకు. ఆయన లోకంలో హత్య.

రోజర్ రాబిట్ కథకు మూలకందం ఇదే. డిటెక్టివ్ ఎడ్డీ వేలియంట్ ఒకప్పుడు టూన్ల కేసులు ఇష్టంగా పట్టేవాడు. ఒక టూన్ అతని అన్నదమ్ముడి నెత్తిన పియానో పడేసి చంపాక టూన్ల పేరెత్తితేనే మండిపడుతున్నాడు. పియానో ఎందుకు? కార్టూన్లలో అది వెయ్యిసార్లు చూసి నవ్విన తమాషా కనక. అదే వస్తువు మనిషి మీద పడితే ఏమవుతుందో ప్రేక్షకుడు ఆ క్షణం దాకా లెక్కేసి ఉండడు.

మరి టూన్‌కు ప్రాణభయమే లేకపోతే కథలో ఉత్కంఠ ఎక్కడిది? అందుకని డిప్ అనే ద్రవాన్ని సృష్టించారు. టర్పెంటైన్, అసిటోన్, బెంజీన్ కలిపింది. మూడూ రంగును కరిగించే ద్రావకాలే. సెల్ అనే పారదర్శకపు రేకు మీద రంగేసి తయారుచేసిన పాత్రను తుడిచిపెట్టేయాలంటే ఏం వాడతారో కథలో అదే విషమైంది. గొప్ప ఊహ అది. ఏ పదార్థంతో పుట్టిందో ఆ పదార్థం దగ్గరే చావునూ పెట్టారు.

ఇంకో నియమం ఇంతకంటే తమాషా. ఎడ్డీ చేతికీ, టూన్ కుందేలు రోజర్ చేతికీ ఒకే బేడీలు పడతాయి. వాటిని కోయడానికి ఎడ్డీ చెమటలు కక్కుతుంటే రోజర్ సునాయాసంగా చెయ్యి బయటికి లాగి సాయం పడతాడు. ఇంతసేపూ ఎందుకు తియ్యలేదంటే, నవ్వు పుట్టే సమయం వస్తేనే అది సాధ్యమట. అంటే టూన్‌కు శక్తి లేక కాదు, ఆ శక్తి నవ్వుకు లోబడి ఉంది. మన శరీరం గురుత్వాకర్షణకు లోబడ్డట్టు వాళ్ల శరీరం హాస్యానికి లోబడుతుంది.

ఇక్కడ చాలామంది 'ఈగ'ను కూడా ఇదే కోవలో వేస్తారు. 2012లో వచ్చిన ఆ సినిమాలోనూ కంప్యూటర్ సృష్టి మనిషితో పగబట్టి పోరాడుతుంది, దానికి ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ జాతీయ పురస్కారం వచ్చింది కూడా. కానీ ఆ ఈగ టూన్ కాదు. దాన్ని నలిపితే చస్తుంది, నీళ్లలో పడితే మునుగుతుంది. అది మనిషి లోకపు నియమాల్లోనే, మనిషికంటే బలహీనంగా బతుకుతుంది. అందుకే మనం దాని పక్షాన భయపడతాం. టూన్‌కు బయటి నియమాలు అంటవు. కాబట్టి మనుషులకు దానిమీద జాలికంటే ముందు చిరాకు, అనుమానం పుడతాయి.

ఒకే చట్రంలో ఎలా నిలబెట్టారు

సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడివిడి చిత్రాలు. మామూలు కార్టూన్‌లో ఒక బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి సెకనుకు 12తో సరిపెట్టుకోవడం రివాజు. కెమెరా కదులుతూ ఉండి, పక్కన నిజం మనిషి ఉంటే ఆ సర్దుబాటు కుదరదు. బొమ్మ నేల మీద జారుతున్నట్టు తెలిసిపోతుంది. అందుకని రోజర్ కోసం ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీశారు. లెక్క చూడండి: పది సెకన్ల దృశ్యానికి 240 బొమ్మలు. బొమ్మ రంగు ఒక పొర, మీద పడే నీడ ఇంకో పొర, మెరుపు మరో పొర అనుకుంటే 720. ఇదంతా కంప్యూటర్ గీసింది కాదు. షూటింగు చేసిన ఫిల్మును ఫ్రేము తర్వాత ఫ్రేముగా ఫొటోలు తీసి, వాటిమీద కాగితం పెట్టి చేత్తో గీసి, ఆ పొరలన్నిటినీ ఆప్టికల్ ప్రింటర్ అనే, ఫిల్ములను ఒకదాని మీదొకటి అచ్చువేసే యంత్రంలో కలిపారు.

ఇందులో ఒక గది దృశ్యాన్ని ఇప్పటికీ బొమ్మల పని నేర్చుకునేవాళ్లు చెప్పుకుంటారు. వేలాడే దీపానికి ఎడ్డీ తల తగిలి అది ఊగుతుంటుంది. దీపం కదలకుండా తీసి ఉంటే ఎవరూ అడిగేవారు కాదు. ఊగడం వల్ల రోజర్ మీద పడే నీడ ప్రతి ఫ్రేములోనూ మారాలి. కావాలనే మీదేసుకున్న కష్టం అది. కుందేలు ఆ గదిలో ఉందని కంటికి నమ్మకం కలిగింది కుందేలు వల్ల కాదు, ఆ నీడ వల్ల.

రెండో కష్టం నటుడిది. ఎడ్డీ వేషం వేసిన బాబ్ హాస్కిన్స్ ఖాళీ గాలిని చూస్తూ, అక్కడ ఫలానా ఎత్తులో కళ్లున్నాయని పట్టుకుని మాట్లాడాలి. బొమ్మ తాకిన వస్తువులు మాత్రం నిజంవే. కప్పు లేస్తే కింద తీగో యంత్రమో ఉండి లేపింది. తర్వాత దాని చుట్టూ చెయ్యి గీశారు. ఈ కష్టమంతా కథ కోసమే. బొమ్మ కూర్చుంటే కుర్చీ కుంగితేనే, ఈ ఊళ్లో బొమ్మకు కూడా బరువుందని ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే దాని హక్కుల మాట.

పేచీ అంతా నేల మీదే

రోజర్ రాబిట్ కథ జరిగేది 1947 నాటి లాస్ ఏంజెలిస్‌లో. ఊరి పక్కన టూన్‌టౌన్ అని టూన్లుండే పేట. టూన్లు స్టూడియోల్లో పని చేస్తారు. ఒక స్టూడియో ఇంకో స్టూడియో దగ్గర ఏనుగును అద్దెకు తెచ్చుకుంటుంది కూడా. రాత్రిళ్లు ఇంక్ అండ్ పెయింట్ క్లబ్‌లో పియానో వాయిస్తారు, పళ్లేలు మోస్తారు. కుర్చీల్లో కూర్చుని చూసేది మాత్రం మనుషులే. టూన్‌కు అతిథిగా ప్రవేశం లేదు. నలుపు తెలుపుల కాలంలో తారగా వెలిగిన బెట్టీ బూప్ అక్కడ సిగరెట్లు అమ్ముకుంటూ కనిపిస్తుంది. రంగులొచ్చాక పని తగ్గిందట.

హంతకుడెవరన్నది పైకథ. లోపల నడిచేది వీలునామా వేట. టూన్‌టౌన్ నేలంతా మార్విన్ ఆక్మీ అనే ఒక మనిషి సొత్తు. తన తర్వాత అది టూన్లకే చెందాలని వీలునామా రాశానన్నాడు. ఆ కాగితం కనబడదు. అర్ధరాత్రి లోపు దొరక్కపోతే నేల క్లోవర్‌లీఫ్ అనే కంపెనీ చేతికి పోతుంది. ఆ కంపెనీ జడ్జ్ డూమ్‌ది. ఆయన ఆలోచన టూన్‌టౌన్‌ను డిప్‌తో కడిగేసి దాని మీదుగా పెద్ద రోడ్డు వేయడం. ఊరి రెడ్ కార్ ట్రామ్‌ను కూడా ముందే కొనేశాడు, మూసేయడానికి. ట్రామ్ లేకపోతే జనం కార్లే కొంటారు కదా.

గమనించాల్సిన విషయం ఒకటి మాటల మధ్యలో దొర్లిపోతుంది. డూమ్ టూన్‌టౌన్‌లో డబ్బు వెదజల్లి ఎన్నిక గెలిచి జడ్జి అయ్యాడంటారు. అంటే టూన్లకు ఓటుంది! ఓటుంది, పనుంది, పేరుంది, పుట్టి పెరిగిన పేట ఉంది. కాలికింద నేలకు మాత్రం కాగితం లేదు. రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో బతికేవాళ్లకు ఇందులో విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1956లో ఒడిశా ప్రత్యేక నిబంధన చేయాల్సి వచ్చిన ప్రాంతం ఇది. అడవి నేల మీద తరతరాలుగా ఉన్నవాళ్ల హక్కును గుర్తించే కేంద్ర చట్టం 2006 దాకా రాలేదు. ఉండటం వేరు, ఉన్నట్టు కాగితంలో ఉండటం వేరు.

ట్రామ్ సంగతిలో నిజమెంత? ఇక్కడ సినిమా చరిత్రను వాడుకుని కొంత వంచింది. జనరల్ మోటార్స్, ఫైర్‌స్టోన్, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ వంటి కంపెనీల డబ్బుతో నడిచిన నేషనల్ సిటీ లైన్స్ చాలా ఊళ్లలో ట్రామ్ కంపెనీలను కొన్నది నిజం. ఆ కంపెనీలకు 1949లో శిక్ష పడిందీ నిజమే. అయితే రుజువైన నేరం బస్సులూ ఇంధనమూ తమ దగ్గరే కొనేలా గుత్తాధిపత్యానికి కుట్ర చేయడం. ట్రామ్‌లను చంపడం అన్న పేరుతో కాదు. పైగా సినిమాలో కనిపించే రెడ్ కార్ల కంపెనీ పసిఫిక్ ఎలక్ట్రిక్‌ను వాళ్లు కొననేలేదు. అది సదరన్ పసిఫిక్ రైల్వే వాళ్లది. వాళ్లు కొన్నది ఊరిలోని పసుపు ట్రామ్‌లను. కార్లు పెరిగి రెడ్ కార్లు అప్పటికే నీరసించాయి, చివరి మార్గం 1961లో ఆగిపోయింది. ఇంకో చిన్న సంగతి: డూమ్ 1947లో అలాంటి రోడ్డును ఎవరూ కనని కలలా వర్ణిస్తాడు గానీ, లాస్ ఏంజెలిస్‌లో ఆరోయో సెకో పార్క్‌వే 1940 చివర్లోనే తెరిచారు.

మరి కథంతా కట్టుకథేనా? కాదు. 1950లు, 60లలో ఆ నగరపు పెద్ద రోడ్లు బాయిల్ హైట్స్ వంటి పేటల గుండా పోయాయి. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లలో మెక్సికో మూలాల కుటుంబాలు ఎక్కువ. ఒక్క దుర్మార్గుడు పథకం వేశాడన్నది కల్పన. మాట చెల్లనివాళ్ల పేట మీదుగానే రోడ్డు పోవడం చరిత్ర.

ఇది వివక్ష కథేనా?

అవునని చెప్పేవాళ్ల వాదన బలమైనదే. ఇంక్ అండ్ పెయింట్ క్లబ్‌ను చూడగానే న్యూయార్క్ కాటన్ క్లబ్ గుర్తొస్తుంది. అక్కడ వేదిక మీద నల్లజాతి కళాకారులు, కుర్చీల్లో తెల్లవాళ్లు. టూన్‌ను విచారణ లేకుండా డిప్‌లో ముంచి చంపే హక్కు జడ్జికుంది. ఒక బూటు టూన్‌ను డూమ్ అలాగే నలుగురి ముందూ ముంచుతాడు, ఎవరూ అడ్డుపడరు. ఒక టూన్ చేసిన నేరానికి టూన్లందరినీ ఎడ్డీ అసహ్యించుకుంటాడు. వివక్ష పనిచేసే తీరే ఇది.

కాదనేవాళ్ల మాటా తీసిపారేసేది కాదు. అణగారినవాళ్లకు ప్రతీకగా దెబ్బ తగలని, బుర్ర నిలకడలేని, నవ్వించడమే బతుకైన జాతిని పెట్టడంలో చిక్కుందంటారు వాళ్లు. నిజం మనుషులకు దెబ్బ తగిలితే లేచి నిలబడరు. మా జిల్లాల విషయంలో నేను భూమి ప్రస్తావన వరకే ఆగడానికి కారణం ఇదే. భూమి కాగితం విషయంలో పోలిక నిలుస్తుంది. అంతకు మించి లాగితే ఆదివాసీని కార్టూన్ చేసినట్టవుతుంది. ఇంకో అభ్యంతరం కథలోనే ఉంది. చివర్లో డూమ్ కూడా మనిషి వేషంలో ఉన్న టూన్ అని, ఎడ్డీ అన్నదమ్ముణ్ని చంపిందీ తనేనని తేలుతుంది. అంటే మనుషుల వ్యవస్థ చేసిన అన్యాయమంతా ఒక చెడ్డ టూన్ ఖాతాలో పడింది. క్లబ్ గుమ్మం దగ్గరి నిషేధం ఎత్తేసినట్టు సినిమా ఎక్కడా చూపించదు.

మూడో మాట అనేవాళ్లూ ఉన్నారు: ఇదంతా ఎందుకు, ఇది పనితనపు ప్రదర్శన; ఆస్కార్లు వచ్చింది ఎడిటింగ్‌కూ, విజువల్ ఎఫెక్ట్స్‌కూ, శబ్దాలకూ, రిచర్డ్ విలియమ్స్‌కు ప్రత్యేక పురస్కారంగానూ తప్ప కథకు కాదు కదా అని. నిజమే గానీ, ఆ పనితనమే టూన్‌ను పొరుగువాడిగా నమ్మించింది. నా మటుకు మొదటి వాదన క్లబ్ దగ్గరా నేల దగ్గరా నిలుస్తుంది, డూమ్ ముసుగు ఊడాక నిలవదు.

చట్టం కళ్లలో కార్టూన్ ఎవరు?

పిల్లల ప్రశ్నకు ఇప్పుడొద్దాం. దావా వేయాలంటే మనిషే కానక్కర్లేదు. చట్టం వ్యక్తిగా గుర్తించాలి, అంతే. కంపెనీ ఊపిరి పీల్చదు, అయినా ఆస్తి కొంటుంది, కేసు వేస్తుంది. మన దేశంలో ఇంకా పాత ఉదాహరణ దేవుడు. ప్రతిష్ఠించిన విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తేనని, దానికంటూ ఒక ఇష్టం ఉంటుందని అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ 1925లో ఒక బెంగాల్ కేసులో చెప్పింది. పూరీ జగన్నాథుడి పేరున ఒడిశా అంతటా భూములున్నాయి. స్వామి స్వయంగా కోర్టుకు రాడు, ఆయన తరఫున మనుషులు వస్తారు.

అయితే ఆ దారిలో కార్టూన్‌ను కూడా వ్యక్తి చేయొచ్చా? సూత్రంగా చట్టసభ తలచుకుంటే చేయొచ్చు. చిక్కు ప్రతినిధి దగ్గరొస్తుంది. దేవుడి ఆస్తి చూసే ధర్మకర్త దేవుడికి యజమాని కాదు. దుర్వినియోగం చేస్తే అతన్నే బోనెక్కించవచ్చు. కార్టూన్ తరఫున మాట్లాడేది దాని హక్కులున్న కంపెనీ. ఆ కంపెనీ మీదే ఫిర్యాదు ఉంటే బొమ్మ తరఫున ఎవరొస్తారు? ఇప్పటి చట్టంలో అందుకు చోటు లేదు, ఎందుకంటే పాత్ర వ్యక్తి కాదు, ఆస్తి. రోజర్ రాబిట్‌లోనే దీనికి నిజజీవితపు తార్కాణం ఉంది. డిస్నీ మిక్కీ, వార్నర్ బగ్స్ బన్నీ ఒకే దృశ్యంలో కలిసి కనిపించేది అందులోనే. తెర మీద ఒకరికంటే ఒకరు ఎక్కువసేపు ఉండకూడదని కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. పాత్రలు పక్కపక్కన స్నేహంగానే ఉన్నాయి, బేరం వాటి యజమానుల మధ్య జరిగింది.

ఇలాంటి పేచీలు మన కోర్టుల్లోనూ నడిచాయి, రెండు వైపులా మనుషులే ఉండి. 'బోబన్, మోళీ' అనే జంట పాత్రలను గీసిన మలయాళ కార్టూనిస్టు టామ్స్ 1980ల చివర తన పత్రిక వదిలి ఇంకోచోటికి వెళ్తే, పాత పత్రిక మలయాళ మనోరమ ఆ పాత్రలను గీయకుండా ఆపాలని కోర్టుకు వెళ్లింది. ఉద్యోగంలో ఉండగా వేసిన కార్టూన్లు పత్రికవే కావొచ్చు గానీ, ఉద్యోగానికి ముందే పుట్టిన ఆ పిల్లల్ని గీసుకోకుండా ఆయన్ని ఆపలేరని కేరళ హైకోర్టు తేల్చింది. 1990లలో ఢిల్లీ హైకోర్టు ముందు నాగరాజ్ అనే కామిక్ వీరుడి ప్రచురణకర్తలు, అతన్ని పోలిన నాగేశ్ వచ్చాడని వెళ్లి ఆపించగలిగారు. ఒకదాంట్లో గీసిన చేతికి హక్కు దక్కింది, ఇంకోదాంట్లో అచ్చేసినవారికి. పాత్ర ఎప్పుడు, ఎవరి దగ్గర, ఏ ఒప్పందం కింద పుట్టిందన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

అంగన్‌వాడీ గోడ మీది భీమ్

ఒక లెక్కతో దీన్ని మన వీధిలోకి తెచ్చుకుందాం. గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఒక పెయింటర్ అంగన్‌వాడీ గోడ మీద ఛోటా భీమ్‌ను వేశాడనుకోండి. భీమ్ హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ పాత్ర, 2008 నుంచి పోగో చానెల్లో వస్తున్నాడు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మను గోడ మీద వేయడం కూడా నకలు తీయడమే. పాఠం చెబుతూ టీచరు పలక మీదో బోర్డు మీదో గీసి చూపడానికి మినహాయింపు ఉంది. గోడ అలంకారం దాకా దాన్ని సాగదీయడం కష్టం. పిల్లల గోడ మీదికి ఏ కంపెనీ అయినా లాయర్ని పంపడం అరుదు. అదే బొమ్మ టిఫిన్ డబ్బా మీదో బిస్కెట్ ప్యాకెట్ మీదో అచ్చేసి అమ్మితే కథ వేరు.

ఎంతకాలం ఇలా? సినిమాగా చూస్తే, 2008లో వెలువడిన ఎపిసోడ్ మీద హక్కు మన చట్టంలో తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 2068 డిసెంబరు 31 దాకా. గీసిన బొమ్మగా చూస్తే గడియారం ఇంకా మొదలే కాలేదు. ఒక వ్యక్తి గీసిన చిత్రానికి ఆ వ్యక్తి మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అమెరికాలో 1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ'లోని మిక్కీ 2024 జనవరి 1న అక్కడ అందరి సొత్తయ్యాడు. ఆ పాత రూపం మాత్రమే; తర్వాతి సినిమాల్లో తెల్ల చేతితొడుగులతో, రంగులతో మారిన మిక్కీలకు వాళ్ల వాళ్ల గడువులున్నాయి. కాపీరైట్ తీరినా ట్రేడ్‌మార్క్ అలాగే ఉంటుంది. మన దేశంలో దాన్ని పదేళ్లకోసారి రుసుము కట్టి పొడిగించుకోవచ్చు, ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు.